ఊరికో బడి సరే, తరగతికో టీచరు?

విద్యాహక్కు చట్టం బడి దూరాన్ని కిలోమీటర్లలో కొలుస్తుంది. ఒకటి నుంచి అయిదో తరగతి పిల్లలకు ఇంటి నుంచి కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వారికి మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలని 2010లో కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనలు చెప్పాయి. తెలుగు రాష్ట్రాల్లో ఈ కొలత చాలావరకు పూర్తయింది. చిన్న ఊరైనా, తండా అయినా, గూడెం అయినా ప్రాథమిక పాఠశాల బోర్డు కనిపిస్తుంది. అదే ఊరి మొదట్లో పొద్దున్నే పసుపు రంగు బస్సు కూడా వచ్చి ఆగుతుంది. నడిచి వెళ్లగలిగిన ఉచిత బడిని దాటుకుని, పది పన్నెండు కిలోమీటర్ల అవతలి ప్రైవేటు బడికి పిల్లలు ఆ బస్సులో వెళ్తారు. అప్పు చేసి ఫీజు కట్టే తల్లిదండ్రులకు ఆ దూరపు బడే దగ్గరగా తోస్తోంది.

ఇంగ్లిషు మీడియం మోజు అనో, సర్కారు బడి అంటే చిన్నచూపు అనో దీనికి తేలిగ్గా జవాబు చెప్పేస్తుంటారు. అవి లేవని కాదు. కానీ బడిబాటకు ఇంటింటికీ తిరిగే టీచర్లకు తరచుగా ఎదురయ్యే మాట వేరు: మీ బడిలో అయిదు తరగతులకు ఎంతమంది సార్లున్నారు? బడిని పిల్లల ముంగిటికి తేవడానికి ప్రభుత్వాలు చేసిన పని చిన్నదేమీ కాదు, అది చాలావరకు ఫలించింది కూడా. అయితే ఆ పని మొదట్లోనే ఒక చోట చౌకగా సర్దుకుంది. ఎన్ని తరగతులకు ఎంతమంది టీచర్లు అన్న లెక్కను అప్పుడు తక్కువలో తేల్చేశారు. ఆ తర్వాత వచ్చిన పథకాలూ, చట్టాలూ దాన్ని దాదాపుగా అలాగే మోస్తూ వచ్చాయి.

హక్కు కాస్తా ఆదేశం అయింది

పిల్లలందరికీ నిర్బంధ ఉచిత విద్య అన్న మాట స్వాతంత్ర్యానికి ముందుదే. బరోడా సంస్థానంలో శాయాజీరావు గాయక్వాడ్ 1906లో దాన్ని అమలులోకి తెచ్చారు. గోపాలకృష్ణ గోఖలే 1911లో ఇంపీరియల్ శాసన మండలిలో బిల్లు పెట్టారు. స్థానిక సంస్థలు ముందుకొచ్చిన చోట మాత్రమే, అదీ మెల్లగా అమలు చేద్దామన్న మెత్తని బిల్లు అది. అయినా మరుసటి ఏడు అనుకూలంగా 13, వ్యతిరేకంగా 38 ఓట్లతో వీగిపోయింది.

రాజ్యాంగ సభలో జరిగింది ఇంకా ఆసక్తికరం. ముసాయిదాలో ప్రాథమిక విద్యకు పౌరులు అర్హులన్న భావం ఉండేది. అది కోర్టులో అమలు చేయించుకోలేని ఆదేశిక సూత్రాల్లో ఉండవలసిన మాట కాదన్న అభ్యంతరంతో 1948 నవంబరులో ఆ పదాన్ని తీసేశారు. రాజ్యం ప్రయత్నించాలి అన్న వాక్యం మిగిలింది. ఆ చర్చలోనే, వయసు పరిమితిని పదకొండేళ్లకు తగ్గించాలన్న సూచనను అంబేద్కర్ తిరస్కరించారు. పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టకూడదని మరో అధికరణం చెబుతున్నప్పుడు ఆ పిల్లలు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా, అది విద్యాలయమే కావాలి అన్నది ఆయన వాదన. బడినీ బాల్యపు శ్రమనూ ఒకే లెక్కలో కలిపి చూసిన ఈ ఆలోచనను ప్రభుత్వాలు మళ్లీ అందుకోవడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది.

ఆదేశిక సూత్రాల్లో గడువు పెట్టుకున్నది 45వ అధికరణం ఒక్కటే. పదేళ్లలో, అంటే 1960కల్లా, పద్నాలుగేళ్ల వరకు అందరికీ చదువు. 1951 జనగణన నాటికి దేశంలో అక్షరాస్యత 18 శాతం, స్త్రీలలో తొమ్మిది శాతం కూడా లేదు. ఆ స్థితిలో గడువు తప్పడం వింత కాదు. గడువు దాటిన మూడు దశాబ్దాల వరకు అది ఎవరికీ పెద్ద అవమానంగా తోచకపోవడమే వింత. జాతీయాదాయంలో ఆరు శాతం విద్యకు పెట్టాలని, ఇరుగుపొరుగు పిల్లలంతా ఒకే బడిలో చదవాలని కొఠారి కమిషన్ 1966లో చెప్పింది. ఆరు శాతం ఈనాటికీ లక్ష్యంగానే మిగిలింది. 2020 జాతీయ విద్యా విధానం మళ్లీ అదే అంకెను రాసుకుంది.

చివరకు చదువును హక్కు చేసిన తీర్పు పుట్టింది మన గడ్డ మీది వివాదం నుంచే. ఉన్నికృష్ణన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ కేసు ప్రైవేటు మెడికల్, ఇంజినీరింగ్ కాలేజీల క్యాపిటేషన్ ఫీజుల గురించినది. ఆ తగాదా తీరుస్తూ సుప్రీంకోర్టు 1993లో, పద్నాలుగేళ్ల వరకు చదువు పిల్లల ప్రాథమిక హక్కేనని తేల్చింది. డాక్టరు సీట్ల బేరం మీద మొదలైన కేసు ఒకటో తరగతి పిల్లకు హక్కు ఇచ్చి ముగిసింది. దాన్ని రాజ్యాంగంలో 21ఏ అధికరణంగా చేర్చడానికి 2002 డిసెంబరు వరకు, చట్టం చేయడానికి 2009 వరకు, అమలులోకి రావడానికి 2010 ఏప్రిల్ 1 వరకు ఆగాల్సి వచ్చింది. ఈ క్రమంలో ఆరేళ్లలోపు పిల్లలు హక్కు బయటే ఉండిపోయారు. వారి సంరక్షణ కొత్తగా రాసిన 45వ అధికరణంలోకి, మళ్లీ ప్రయత్నించాలి అన్న మాటలోకి వెళ్లింది.

రెండు గదులు, ఇద్దరు టీచర్లు

చెట్టు కింద బడి, చావడిలో బడి అన్న రోజుల నుంచి దేశాన్ని బయటికి లాగినది 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు. వానకు తడవని రెండు గదులు, ఒకరు మహిళ అయ్యేలా ఇద్దరు టీచర్లు, నల్లబల్ల, పటాలు, బొమ్మలు. ఏ ప్రాథమిక పాఠశాలకైనా కనీసం ఇవి ఉండాలన్నది ఆ పథకం. ఒకే గదిలో ఒకే టీచరుతో నడుస్తున్న బళ్లకు ఇది పెద్ద మెట్టే. కానీ అయిదు తరగతుల బడికి ఇద్దరు చాలు అన్న అంకె స్థిరపడింది కూడా అప్పుడే. ఆపద్ధర్మంగా పెట్టుకున్న ఆ కనీసం రానురాను కొలమానమై కూర్చుంది.

ఆ తర్వాతి కాలమంతా ఇటుకలు, సిమెంటు, నమోదు లెక్కలు. ప్రపంచ బ్యాంకు వంటి సంస్థల డబ్బుతో 1994లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. రెండేళ్లకు ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని వెనుకబడిన జిల్లాలకు అది చేరింది. 2001లో సర్వశిక్షా అభియాన్ వచ్చి దేశమంతా పరుచుకుంది. 2004 నుంచి కేంద్ర పన్నుల మీద రెండు శాతం విద్యా సెస్సు వేసి దానికి నిధులు మళ్లించారు. అదే ఏడాది బడి మానేసిన ఆడపిల్లల కోసం కస్తూర్బాగాంధీ బాలికా విద్యాలయాలు మొదలయ్యాయి. ఆ ఆలోచనకు ఒక స్థానిక పూర్వరూపం కూడా ఉంది. 1971లో పి.వి. నరసింహారావు హయాంలో నాటి నల్లగొండ జిల్లా సర్వేల్ గ్రామంలో మొదలైన గురుకులం పేద పిల్లలకు హాస్టలూ బడీ ఒకచోట చేర్చి చూపించింది. గదులు కట్టారు, మరుగుదొడ్లు కట్టారు, ప్రహరీలు లేచాయి. నిర్మాణ నిధులు ఖర్చు పెట్టడం సులభం, లెక్క చూపడం ఇంకా సులభం. టీచరు నియామకం అలా కాదు. అది ముప్పై ఏళ్ల జీతం, ఆపైన పింఛను.

నమోదులో మాత్రం ఫలితం కళ్లకు కట్టినట్టు వచ్చింది. గ్రామీణ భారతంలో ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో ఏదో ఒక బడిలో పేరున్నవారు ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వేలో 2022 నాటికి 98 శాతం దాటారు. ఆడపిల్ల బడికి పోవడమే వార్త అయిన కాలాన్ని చూసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. ఒక జీవితకాలంలో వచ్చిన మార్పు ఇది.

ఆకలి, పని

పిల్లలను బడికి రప్పించి నిలిపినవాటిలో అన్నిటికన్నా బలంగా పనిచేసింది పాఠ్యపుస్తకం కాదు, పళ్లెం. తమిళనాడులో కామరాజ్ 1956లో మొదలుపెట్టి, ఎంజీఆర్ 1982లో విస్తరించిన మధ్యాహ్న భోజనాన్ని కేంద్రం 1995 ఆగస్టు 15న దేశానికంతటికీ ప్రకటించింది. చాలా రాష్ట్రాలు దాన్ని నెలకు మూడు కిలోల ధాన్యంగా మార్చి చేతులు దులుపుకున్నాయి. ఆ బియ్యం ఇంటికి వెళ్తే ఇంటిల్లిపాదీ తింటారు, బిడ్డ కడుపులోకి వెళ్లేది కొంతే. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆహార హక్కు కేసులో వండిన భోజనమే పెట్టాలని, రోజుకు కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రోటీన్ ఉండాలని, ఏడాదిలో కనీసం 200 రోజులు పెట్టాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి బళ్లలో పొయ్యి వెలిగింది.

దీని మేలు హాజరు పట్టికలో కనిపించేదానికన్నా ఎక్కువ. కూలికి పోయే తల్లికి మధ్యాహ్నం బిడ్డ ఏం తింటుందన్న దిగులు తీరింది. భిన్న కులాల పిల్లలు ఒకే వరుసలో కూర్చుని తినడం చాలా ఊళ్లలో అదే మొదలు. కోడిగుడ్డు, చిక్కీ వంటివి తర్వాత రాష్ట్రాలు తమ ఖర్చుతో చేర్చాయి. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో గోరుముద్ద పోయి డొక్కా సీతమ్మ పేరు వచ్చింది, కేంద్రంలో మధ్యాహ్న భోజనం 2021లో పీఎం పోషణ్ అయింది. మారనిది ఒకటే. వంట చేసే మహిళకు కేంద్రం లెక్కగట్టిన గౌరవ వేతనం 2009 నుంచి నెలకు వెయ్యి రూపాయలే. తెలుగు రాష్ట్రాలు పైన కలిపి మూడు వేలు చేశాయి. కూరగాయల బిల్లులు నెలల తరబడి రాకపోతే అప్పు తెచ్చి పొయ్యి వెలిగించేది కూడా ఆ మహిళే. ఇంత గొప్ప పథకం ఇంత పేద చేతుల మీద నడుస్తోంది.

ఆకలి తర్వాతి అడ్డంకి పని. అంబేద్కర్ అన్న మాటను క్షేత్రంలో పట్టుకున్నది రంగారెడ్డి జిల్లాలో 1991లో పని మొదలుపెట్టిన ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్. బడిలో లేని ప్రతి బిడ్డా బాల కార్మికుడే అన్నది శాంతా సిన్హా నాయకత్వంలోని ఆ సంస్థ సూత్రం. జీతగాడిగా ఉన్న పిల్లవాడిని రాత్రి బడితో సరిపెట్టకూడదు, పూర్తిగా విడిపించి పగటి బడిలోనే కూర్చోబెట్టాలి. పదకొండేళ్ల పిల్లవాడు ఒకటో తరగతిలో ఆరేళ్ల వారి పక్కన కూర్చోలేడు కాబట్టి, కొన్ని నెలల వారధి శిబిరంలో చదువు నేర్పి వయసుకు తగిన తరగతిలో చేర్పించాలి. ప్రభుత్వాలు ఈ పద్ధతిని అందుకున్నాయి. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్‌లోని వయసుకు తగిన తరగతి, ప్రత్యేక శిక్షణ అన్న మాటల వెనుక ఈ అనుభవం ఉంది. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలు. ఇంతా చేశాక, 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరిస్తూ పద్నాలుగేళ్లలోపు పిల్లలతో పని చేయించడం మొత్తంగా నిషేధించి, బడి వేళల తర్వాత సొంత కుటుంబం పనిలో సాయపడవచ్చని ఒక కిటికీ తెరిచి ఉంచారు. పత్తి చేలో సాయానికీ పనికీ మధ్య గీత ఎవరు గీస్తారో చట్టం చెప్పదు.

లెక్క ఎక్కడ తప్పింది

విద్యాహక్కు చట్టం పిల్లల వైపు గట్టిగానే నిలబడింది. వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకపోవడం కుదరదు, ప్రవేశ పరీక్షలు పెట్టకూడదు, కొట్టకూడదు. యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం మహిళలు ఉండాలి. ఇవన్నీ మంచి మాటలు. చట్టం చివర ఉన్న అనుబంధాన్ని మాత్రం ఒకసారి నిదానంగా చదవాలి.

ప్రాథమిక పాఠశాలలో అరవై మంది వరకు ఇద్దరు టీచర్లు. 61 నుంచి 90 వరకు ముగ్గురు. 91 నుంచి 120 వరకు నలుగురు. 121 నుంచి 200 వరకు అయిదుగురు. ముప్పై మందికి ఒకరు అన్న నిష్పత్తి వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ టీచరు పాఠం చెప్పేది నిష్పత్తికి కాదు, తరగతికి. నలభై మంది పిల్లలున్న ఊరి బడిని తీసుకుంటే, ఇద్దరు టీచర్లు అంటే ఇరవై మందికి ఒకరు. నగరంలో ఖరీదైన బడి కూడా ఆ నిష్పత్తి చూసి అసూయ పడాలి. నిజానికి ఆ ఇద్దరూ అయిదు తరగతులను, తెలుగు, ఇంగ్లిషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానాన్ని పంచుకుంటారు. ఒకరు ఒకటి, రెండు తరగతులతో ఉంటే, మరొకరి గదిలో మూడు తరగతులు ఉంటాయి. మూడో తరగతికి లెక్కలు చెబుతున్నప్పుడు నాలుగు, అయిదు తరగతులు చూచిరాత రాస్తుంటాయి. ఒకరు సెలవు పెట్టినా, శిక్షణకు వెళ్లినా, ఓటర్ల జాబితా పనికి వెళ్లినా మిగిలిన ఒక్కరే అయిదు తరగతులకూ కాపలా. అది పాఠం చెప్పడం కాదు, పిల్లలు రోడ్డు మీదికి పోకుండా చూసుకోవడం.

మరోవైపు పసుపు బస్సు తీసుకెళ్లే బడిలో టీచర్లు తక్కువ జీతానికి పనిచేసేవారు, చాలాసార్లు డిగ్రీ చదివి వేరే ఉద్యోగం దొరకనివారు. టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీ రాసి గెలిచిన సర్కారు బడి టీచరుతో వారిని పోల్చలేం. కానీ తరగతికి ఒకరు ఉంటారు. రోజంతా ఆ గదిలో ఒక పెద్ద మనిషి నిలబడి ఉంటారు. తల్లిదండ్రులు చూసేది అదే, వారి చూపులో తప్పు లేదు.

ఇక్కడి నుంచి ఒక విషవలయం తిరగడం మొదలైంది. ఇద్దరు టీచర్లున్న బడి నుంచి పది మంది పిల్లలు ప్రైవేటుకు వెళ్తారు. పిల్లలు తగ్గారు కాబట్టి పోస్టుల సర్దుబాటులో (రేషనలైజేషన్) ఒక టీచరు పోస్టు మరో బడికి పోతుంది. ఒక్కరే మిగిలారు కాబట్టి ఇంకో పది మంది వెళ్తారు. చట్టం ప్రకారం ఏకోపాధ్యాయ పాఠశాల అన్నదే ఉండకూడదు, పది మంది పిల్లలున్నా ఇద్దరు ఉండాలి. అయినా కేంద్ర విద్యాశాఖ యుడైస్ లెక్కల్లో 2024-25లో కూడా అలాంటి బళ్లు లక్షకు పైగానే ఉన్నాయి. అదే పట్టికలో ఒక్క విద్యార్థి కూడా లేని బళ్లు దాదాపు ఎనిమిది వేలు. ఇదంతా దేశంలో టీచర్లు లేక కాదు. 2023-24లో సుమారు 24.8 కోట్ల మంది విద్యార్థులకు 98 లక్షల మంది టీచర్లు, అంటే సగటున పాతిక మందికి ఒకరు. సగటు బాగుంది, బడి బాగా లేదు.

ఖాళీలు ఈ వలయాన్ని ఇంకా వేగంగా తిప్పాయి. మంజూరైన పోస్టుల్లో పది శాతానికి మించి ఖాళీలు ఉండకూడదని చట్టం 26వ సెక్షన్ చెబుతోంది. తెలంగాణలో 2017 తర్వాత నియామకాల దాకా వెళ్లిన డీఎస్సీ నోటిఫికేషన్ 11,062 పోస్టులతో 2024లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత అలాంటిది 16,347 పోస్టుల మెగా డీఎస్సీగా 2025లో వచ్చింది. మధ్యలో పదవీ విరమణలు ఆగవు. ఒకటో తరగతిలో చేరిన పిల్లలు ప్రాథమిక చదువు ముగించుకుని హైస్కూలుకు వెళ్లేంత కాలం కొత్త టీచరు అన్న మాట వినకుండా గడిచిపోయింది. విద్యా వాలంటీర్లతో, డిప్యుటేషన్లతో నెట్టుకొచ్చారు.

దీని ఫలితం చదివి చూపించమంటే తెలుస్తుంది. అసర్ 2024 ప్రకారం గ్రామీణ ప్రభుత్వ బళ్లలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతం. కరోనా తర్వాత 2022లో అది 16.3 శాతానికి పడిపోయింది, అక్కడి నుంచి లేవడం మెచ్చుకోదగినదే. మూడో తరగతికల్లా చదవడం, లెక్క చేయడం రావాలన్న నిపుణ్ భారత్ కార్యక్రమం 2021లో మొదలై ఈ పెరుగుదలకు కొంత తోడ్పడి ఉండవచ్చు. ఫెయిల్ చేయకూడదన్న నిబంధన వల్లే చదువు చెడిందని వాదించి 2019లో చట్టాన్ని సవరించారు. అయిదు, ఎనిమిది తరగతుల్లో పిల్లలను ఆపేసే అధికారం రాష్ట్రాలకు ఇచ్చారు, 2024 డిసెంబరులో కేంద్రం తన బళ్లలో దాన్ని అమలు చేసింది. మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి, అయిదో తరగతిలో పిల్లవాడిని ఫెయిల్ చేస్తే తప్పు ఎవరి మీద పడుతుందో చూడండి.

దగ్గరా, నిండుగానా

ఈ చిక్కును ఆంధ్రప్రదేశ్ రెండుసార్లు విప్పబోయింది. 2022లో మూడు, నాలుగు, అయిదు తరగతులను కిలోమీటరు లోపున్న హైస్కూళ్లలో కలిపారు. సబ్జెక్టు టీచర్లు చెబుతారన్నది ఉద్దేశం. ఊరి బడిలో ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. రోడ్డు దాటాలని, చిన్నపిల్లలు అంత దూరం నడవలేరని తల్లిదండ్రులు గేట్లకు తాళాలు వేసిన చోట్లున్నాయి. ప్రభుత్వం మారాక 2025లో ఆ ఉత్తర్వును రద్దు చేసి, తరగతికో టీచరు ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్లు అన్న కొత్త ఏర్పాటు చేశారు. తరగతికో టీచరు అన్న మాట ప్రభుత్వ ఉత్తర్వులోకి రావడం చిన్న విషయం కాదు. ఇన్నాళ్ల నిష్పత్తి లెక్క సరిపోదని ఒప్పుకోవడమే అది. అయితే అన్ని ఊళ్లకూ అలాంటి బడి రాదు. పిల్లలు తక్కువున్న చోట పాత పద్ధతి బడే ఉంటుంది, లేదా పక్క ఊరికి నడవాలి. మళ్లీ కిలోమీటరు దగ్గరికే వచ్చాం.

విలీనం అనగానే కోపం రావడం సహజం. ఊరి బడి మూతపడితే మొదట చదువు మానేది ఆడపిల్ల, వికలాంగ బిడ్డ. కానీ పన్నెండు మంది పిల్లలతో, ఒక్క టీచరుతో అయిదు తరగతులు నడిపించడం కూడా ఒక రకంగా మూతవేయడమే, మెల్లగా జరుగుతుంది కాబట్టి ధర్నాలు ఉండవు. రెండిటి మధ్య మార్గం ఉంది. బడిని కలిపినప్పుడు బస్సును కూడా ప్రభుత్వమే పంపాలి. దూరపు ఆవాసాల పిల్లలకు ఉచిత రవాణా కల్పించవచ్చని నిబంధనల్లోనే ఉంది. ప్రైవేటు బడి బస్సు పంపగలిగిన ఊరికి సర్కారు బడి ఎందుకు పంపలేదన్న ప్రశ్నకు గట్టి జవాబు ఎవరూ చెప్పడం లేదు.

ఈలోగా ప్రభుత్వ డబ్బు మరో దారిలో కూడా పోతోంది. 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి కింద, 75 శాతం హాజరు షరతుతో తల్లికి ఏటా 15,000 రూపాయలు ప్రకటించారు. 2025లో తల్లికి వందనం పేరుతో ఇంట్లో చదివే పిల్లలందరికీ లెక్కగట్టి ఇస్తున్నారు. పేద ఇంటికి అది పెద్ద ఊరట. బిడ్డ ప్రైవేటు బడిలో ఉన్నా వర్తిస్తుంది కాబట్టి, చాలా ఇళ్లలో అది బస్సు ఫీజుగా మారుతుంది. ప్రభుత్వం ఒక చేత్తో తన బడికి రంగులు వేసి, మరో చేత్తో ఆ బడి నుంచి వెళ్లిపోయేందుకు టికెట్టు కొనిపెడుతోంది. ప్రైవేటు బళ్లలో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలన్న 12వ సెక్షన్ నిబంధన ఉద్దేశం వేరు, అక్కడ వర్గాలు కలవాలన్నది ఆశయం. సుప్రీంకోర్టు 2012లో దాన్ని సమర్థించింది, 2014లో మైనారిటీ విద్యాసంస్థలను చట్టం నుంచే మినహాయించింది. ఆంధ్రప్రదేశ్ దాన్ని పన్నెండేళ్లు ఆలస్యంగా 2022-23లో మొదలుపెట్టింది. తెలంగాణలో ఏళ్ల తరబడి కాగితం దాటలేదు.

కొలతకు అందనివారు

కిలోమీటరు లెక్క అసలే పనిచేయని పిల్లలు కొందరున్నారు. కర్నూలు జిల్లా పశ్చిమాన కోసిగి, ఆదోని వైపు నుంచి కుటుంబాలు మిరప కోతలకు, పత్తి తీతకు గుంటూరు ప్రాంతానికి వలస వెళ్తాయి. తాళం పడిన ఇంటికి బడి ఎంత దగ్గరుంటే ఏం లాభం? ముసలివాళ్ల దగ్గర పిల్లలను వదిలి వెళ్లేందుకు వీలుగా సీజనల్ హాస్టళ్లు పెట్టారు. వలస మొదలయ్యే వారానికి అవి తెరుచుకుంటే పిల్లలు ఆగుతారు, నెల ఆలస్యమైతే రిజిస్టరులో పేరు, పొలంలో మనిషి. ఒడిశా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల పిల్లల కోసం పని స్థలంలోనే ఒడియా పుస్తకాలతో బళ్లు నడిపిన అనుభవం కూడా ఉంది.

భాష ఇంకో దూరం. ఆదిలాబాద్ గోండు గూడేల్లో నిజాం కాలంలో, 1940లలోనే, మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ ఇచ్చి, వారి భాషలోనే చదువు మొదలుపెట్టించారు. ఆ పాఠం మరిచిపోయి, ఆరు దశాబ్దాల తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో మళ్లీ నేర్చుకుంది. సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో వాచకాలు అచ్చువేసి, ఇంటి భాషలో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి తీసుకువచ్చే బళ్లు ప్రారంభించారు. ఆ భాష వచ్చిన టీచరు బదిలీ అయితే పుస్తకాలు బీరువాలో ఉండిపోయేవి. చివరకు ఇంగ్లిషు మీడియం హోరులో ఆ ప్రయత్నం పక్కకు పోయింది. వికలాంగ పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడ కూడా కథ అదే, ప్రత్యేక శిక్షణ పొందిన టీచరు ఉన్న చోట నడుస్తాయి.

సర్వశిక్షా అభియాన్ స్థానంలో వచ్చిన సమగ్ర శిక్షలో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. సర్వశిక్షా అభియాన్ మొదట్లో రాష్ట్రం పెట్టింది పదిహేను శాతమే. భారం ఇలా రాష్ట్రాల మీదికి జరుగుతున్న కాలంలోనే, ఎంపిక చేసిన బళ్లను తీర్చిదిద్దే కేంద్ర పథకం పీఎంశ్రీ ఒప్పందం మీద సంతకం చేయలేదని తమిళనాడుకు సమగ్ర శిక్ష నిధులు నిలిపివేశారు. జీతాల మీద కాక పథకాల మీద నడిచే చదువు ఎంత సున్నితమో అది చూపింది.

ప్రతి జూన్‌లో బడిబాట మొదలవుతుంది. ఊళ్లో ఉన్న ఆ ఒక్క టీచరు కరపత్రాలు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, పిల్లలను చేర్పించమని అడుగుతారు. పుస్తకాలు, యూనిఫాం, భోజనం అన్నీ ఉచితమని చెబుతారు. గడప దగ్గర నిలబడిన తల్లి అన్నీ విని, ఇంకో టీచరు వస్తే చేర్పిస్తామంటుంది. పిల్లల సంఖ్య పెరిగితేనే ఇంకో టీచరును ఇస్తారమ్మా అని ఆయన అంటారు.